రాగి తొట్టా, రాతి తొట్టా

మా ఆయన మీద పత్తి బేలు పడింది. ఆదోనిలో ఒక ప్రెస్సింగు మిల్లులో ఆయన గుమాస్తా. గోదాములో బేళ్ల మీద గుర్తులు వేయిస్తుంటే పైవరసలోది జారి నడుము మీద కూర్చుంది. ప్రాణం దక్కింది కానీ నడుము కింద స్పర్శ పోయింది. గిల్లినా తెలియదు, చీమ కుట్టినా తెలియదు. అప్పటికి మాకు పెళ్లై ఏడాది తిరిగిందో లేదో. యాభైల నాటి మాట ఇది.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. రోజూ గోరువెచ్చటి నీళ్లలో నడుము మునిగేలా కూర్చోబెట్టి, నీళ్లలోనే కాళ్లు ఆడించాలట. నరం బతికుంటే శివరాత్రి లోపల ఎక్కడో ఒకచోట స్పర్శ తెలియాలట. తెలియకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దన్నాడు. అప్పటికి దసరా దాటింది. ఆ రోజు నుంచి శివరాత్రికి ఇంకెన్ని రోజులుందో లెక్కపెట్టుకోవడమే నా పని.

మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేంత తొట్టి ఆ రోజుల్లో మా ఇళ్లలో ఎవరికుంది? స్నానమంటే కాగులో నీళ్లు కాచుకోవడం, బండ మీద కూర్చుని చెంబుతో పోసుకోవడం. మా అత్త సిమెంటుతో కట్టిద్దామంది. సిమెంటు గరుకుకు కాళ్లు దోక్కుపోతే ఆయనకు తెలియదు కదా, వద్దన్నాను. రేకు తొట్టి అంచులు కోసుకుంటాయని మా మామే వద్దన్నాడు. మామకు బజారులో నూలు అంగడి ఉండేది. నలుగురికి చెప్పే మనిషి. ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు.

"రాగి సేయిస్తా. రాగి నీళ్లు ఒంటికి మంచిది. కాగును పొయ్యి మీద కూసోబెట్టినట్టు కూసోబెడితే నీళ్లు సల్లారేది ఉండదు" అన్నాడు.

చేయించాడు. పెళ్లిళ్లలో వాడే గంగాళాన్ని పొడుగ్గా సాగదీసినట్టుండే రాగి తొట్టి. స్నానాల గదిలో ఇటుకలు పేర్చి, కింద మంట పెట్టే చోటు వదిలి, దాని మీద కూర్చోబెట్టారు. నీళ్లు కాగాక మంట తీసేసేవారు. నిప్పులు మాత్రం బూడిద కింద ఉండేవి, నీళ్లు చల్లారకూడదని. మామ చెయ్యి పెట్టి చూసేవాడు, అత్త చూసేది, నేనూ చూసేదాన్ని. గోరువెచ్చగానే ఉండేవి. చుట్టాలొచ్చి తొట్టిని తట్టి చూసి "ఏం తొట్టప్పా!" అని మెచ్చుకునిపోయేవాళ్లు.

ఒకరోజు స్నానం అయ్యాక మంచం మీద పడుకోబెట్టి కాళ్లు తుడుస్తున్నాను. కుడి మడమ దగ్గర తువ్వాలుకు తడి అంటుకుంది. ఎత్తి చూస్తే తోలు ఊడి వచ్చింది. పైన నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి సరే, అడుగున రాగి నిప్పుల మీద ఉంది. ఆ అడుగుకు ఆనుకుని ఆ మడమ అంతసేపూ కాలింది. ఆయన మాత్రం పైకప్పు చూస్తూ, "ఈ పొద్దు బువ్వలోకి ఏం సేసినారు?" అని అడుగుతున్నాడు. నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. అంత భయం బేలు పడిన రోజు కూడా వేయలేదు.

మామ ఆ మడమ చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం అంగడికి పోలేదు. సాయంత్రం లేచి, "ఇంక సాలు. తొట్టీ వద్దు, నీళ్లూ వద్దు. వాని రాత ఎట్లుంటే అట్లయితాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఎట్లుంటే అట్లనా మామా? డాక్టరు సెప్పిన గడువు ఉండాదా లేదా? పుండు మానుతానే మళ్లా కూసోబెట్టాల్సిందే."

"దేంట్లో కూసోబెడతావే?" అని అత్త గయ్యిమంది. "నీ నెత్తిన కూసోబెట్టుకుంటావా?"

"రాతి తొట్టిలో. మా నాయనకాడ ఉండాది."

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం నేసేవాడు, నూలుకు అద్దకం కూడా మేమే వేసుకునేవాళ్లం. పెరట్లో పొడుగాటి రాతి తొట్టి ఒకటి ఉండేది, నూలు చిలపలు, అంటే పోగుల కట్టలు, రంగులో నానేయడానికి. తరాలుగా నూలు రాసుకుని రాసుకుని లోపలంతా నున్నగా అరిగిపోయింది. పోగు ఒక్కటి కూడా చిక్కుకునేది కాదు అందులో. మనిషి తోలును కూడా గీరదని నాకు నమ్మకం.

"రంగు తొట్టిలో నా కొడుకును నానేస్తావా?" అన్నాడు మామ. "రాయి మంచుగడ్డ మాదిరి ఉంటాది. సలికి సస్తాడు."

"సలికి సావడు మామా. కాలితే సస్తాడు."

అంత మాట మామను నేనెప్పుడూ అనలేదు. మంచం మీద నుంచి మా ఆయన, "తెప్పించు నాయనా. నీ కోడలు ఊరుకోదు, నీకు తెలీదు" అన్నాడు. అంత బాధలోనూ ఎకసెక్కం మానలేదు మహానుభావుడు.

అంగడికి నూలు కోసం వచ్చిన ఎమ్మిగనూరు మనిషితో కబురు పంపాను. మా నాయన ఎద్దులబండిలో గడ్డి పరిచి తొట్టిని తీసుకొచ్చాడు. మామ బయటకు రాలేదు. ఆయన కూర్చునే చోటు నుంచి స్నానాల గది కనబడుతుందని కుర్చీ కూడా గోడ వైపుకు తిప్పేసుకున్నాడు.

పుండు మానాక మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి కింద మంట లేదు. కాగులో నీళ్లు కాచి, మొదట మరిగే నీళ్లతో రాతినంతా తడిపి, అది వేడెక్కాక ఆ నీళ్లు తోడి పారబోసి, మళ్లీ గోరువెచ్చటివి నింపేవాళ్లం. నింపాక చీరతోనే నేను దిగి కూర్చునేదాన్ని. నా మడమలు అడుగుకు ఆనించి, బాగుందనిపిస్తేనే ఆయనను దింపనిచ్చేదాన్ని. దుప్పటిలో వేసి అటు అత్త, ఇటు నేను పట్టుకునేవాళ్లం. అత్త తిడుతూనే మోసేది. మొదటి వారం ఆయన వీపుకు నీలం అంటింది. "ఇంగ నన్ను సంతలో అమ్మేయండి, గుడ్డకు గుడ్డ, రంగుకు రంగు" అని నవ్వించాడు. నవ్వి, పక్కకు పోయి ఏడ్చాను.

రోజులు గడిచిపోతున్నాయి. డాక్టరు వచ్చి సూదితో గుచ్చి చూసేవాడు. "తెలుస్తోందా?" అంటే ఈయన తల అడ్డంగా ఊపేవాడు. డాక్టరు నా ముఖం చూడకుండా పెట్టె సర్దుకునేవాడు. మాఘం వచ్చింది. బజారులో శివరాత్రి జాతరకు పోయే బళ్ల గురించి మాట్లాడుకుంటుంటే ఆ మనుషుల మీద నాకు కోపం వచ్చేది.

శివరాత్రికి కొద్ది రోజుల ముందు ఒక పొద్దున కట్టెలు పచ్చివి. పొగే గానీ మంట లేదు. "వాన్ని కూసోబెడదాం పా, అంతలో కాగుతాయి. నాకు నడుము పట్టేస్తాంది" అంది అత్త. రాతిని వేడి చేయకుండానే ఆయనను ఖాళీ తొట్టిలో దింపాం. నేను పొయ్యి దగ్గరకు పోయి ఊదుతున్నాను.

"అబ్బా, సల్లగుండాది" అన్నాడు ఆయన.

"ఓర్సుకోరా. కాగొద్దా నీళ్లు?" అని అత్త కసిరింది.

ఊదడం ఆపి వెనక్కి తిరిగాను. వీపు రాతికి ఆనుకుని ఉంది, వీపుకు ఎప్పుడూ చలి తెలుస్తుంది. అందుకే అనుంటాడు అనుకున్నాను. అయినా అడిగాను. "యాడ?"

ఆయన వంగి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"యాడ సల్లగుండాది, సెప్పు!" అని అరిచాను.

"కింద" అన్నాడు. "మడిమ కాడ."

నమ్మబుద్ధి కాలేదు. మమ్మల్ని సంతోషపెట్టడానికి అంటున్నాడేమో! ఆయన కళ్లకు తువ్వాలు కట్టాను. ఒక కాలు రాతి మీద నుంచి పైకెత్తి పట్టుకున్నాను. కాసేపాగి మెల్లగా దింపాను.

"ఇప్పుడు తగిలింది" అన్నాడు. "ఎడమది."

ఎడమదే. అత్త నోట్లో కొంగు కుక్కుకుంది. నేను గడప దాకా పరుగెత్తి, "మామా!" అని కేక పెట్టాను. మళ్లీ ఏదో కాలిందనుకున్నట్టున్నాడు, పంచె ఊడుతున్నా చూసుకోకుండా వచ్చాడు. ఖాళీ తొట్టినీ, కళ్లకు గంతలతో కూర్చున్న కొడుకునూ చూసి ఏమీ అర్థంకాక నిలబడ్డాడు.

"సల్లగుండాది నాయనా" అన్నాడు ఈయన. "మడిమకు సల్లగుండాది."

మామ వంగి, కొడుకు మడమ పక్కన అరచెయ్యి రాతికి ఆనించాడు. చాలాసేపు తీయలేదు.

"అవునురా," అన్నాడు, "సల్లగానే ఉండాది." అని ఆ రాతి అంచు మీద తల పెట్టి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.