తీసేసిన క్వారీ లైను

దయ్యాల మాటెత్తితే నవ్వేసేవాణ్ణి నేను. నందిగామలో మా ఇంటి వెనక సందులో తెల్లచీర కనబడిందని ఎవరో గోల చేస్తే, టార్చిలైటు పట్టుకుని వెళ్లి, ఆరేసిన పంచె తెచ్చి అందరికీ చూపించిన రకం. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. నా ముందు జరిగింది మాత్రం చెప్తాను. దానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలీదు.

ఎనభైల చివర్లో జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్లో పనిచేసేవాణ్ణి. కంప్యూటరంటే ఇప్పటిలా ఒళ్లో పెట్టుకునేది కాదు. బీరువా అంత యంత్రం, యూనిక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. దానికోసం ఏసీ గది, దాని పుణ్యాన మాకూ చల్లగాలి. దుమ్ము పడకూడదని ఎంత పెద్ద ఆఫీసరైనా చెప్పులు గుమ్మం బయటే విడిచి రావాలి.

నా పనేమిటో ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. యంత్రం ఆన్ చేయగానే ముందు లేచేదాన్ని కెర్నల్ అంటారు. మిగతా ప్రోగ్రాములన్నీ దాని మీదే ఆధారపడతాయి. దానికి ఏయే పరికరాలు తగిలించి ఉన్నాయో ముందుగా మనమే చెప్పాలి, ఒక్కో పరికరంతో మాట్లాడటానికి ఒక్కో డ్రైవర్‌ని అందులో కలపాలి. డ్రైవర్ లేకపోతే పరికరం ఎదురుగా ఉన్నా కెర్నల్‌కి లేనట్టే. మావాడు ఫ్యాక్టరీలో డ్రైవర్లను పెడతాడని మా అమ్మ గొప్పగా చెప్తే, పక్కింటాయన తన మేనల్లుడికి లారీ మీద పని ఇప్పించమని వచ్చి కూర్చున్నాడు.

ఫ్యాక్టరీకి కాస్త దూరంలో సున్నపురాయి క్వారీ ఉండేది. గోతి గట్టు మీద రేకుల షెడ్డులో ఒక టెర్మినల్, అంటే తెర, కీబోర్డు పెట్టి, స్తంభాల మీదుగా కేబుల్ లాగి మా యంత్రంలో బిగించిన ఒక కార్డుకి, అంటే అరచేతి వెడల్పు సర్క్యూటు పలకకి, కలిపాం. రోజూ ఎంత రాయి తీశారో కొట్టి పంపడానికి. అక్కడ కూర్చునేవాడు మస్తాన్. చిల్లకల్లు మనిషి. ఎండకి నల్లగొడుగు లేకుండా షెడ్డులోంచి అడుగు బయట పెట్టేవాడు కాదు. క్వారీలో గొడుగేంట్రా నవాబూ అని అందరూ ఏడిపించేవారు.

భోజనాలయ్యాక పేలుడు ఉండేది. పేల్చేముందు గోతిలో వాళ్లంతా పైకి రావాలి. మస్తాన్ షెడ్డు ముందు గొడుగేసుకుని నిలబడి ఒక్కొక్కరి పేరూ పిలిచేవాడు. అందరూ పలికాక లోపలికెళ్లి మాకు కబురు కొట్టేవాడు. ఫోను సగం రోజులు పనిచేసేది కాదు కాబట్టి అదే అలవాటైపోయింది. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాడు. "అంతా పైనే అండీ." యంత్రానికి అండీ ఎందుకయ్యా అని అడిగితే, "అవతల తమరున్నారు గదండీ" అన్నాడు.

ఆ మాట నా తెర మీద పడ్డాకే నేను సైరన్ వేయించేవాణ్ణి. సైరన్ మోగాకే పేల్చేవారు.

ఒకరోజు అలాగే కబురొచ్చింది, సైరన్ మోగింది, పేలుడు అయింది. ఆ సాయంత్రం మస్తాన్ ఇంటికి చేరలేదు.

రెండ్రోజులు వెతికారు. గోతిలో ఉన్నాడేమోనన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఎందుకంటే అంతా పైనే అని చెప్పింది అతనే. చెప్పినవాడు పైన లేకుండా ఎలా ఉంటాడు? అతని సైకిలు కూడా కనబడలేదు. గరికపాడు దగ్గర రోడ్డు మీద హైదరాబాదు లారీ ఎక్కుతుంటే చూశానని ఎవరో అన్నారు. ఇంకెవరో దానికి ఒక ఆడమనిషిని కూడా జోడించారు. నెల తిరిగేసరికి మస్తాన్ పెళ్లాం పిల్లల్ని వదిలేసి పారిపోయినవాడైపోయాడు.

అతని భార్య జాన్‌బీ మాత్రం నమ్మలేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో పనికి చేరింది. మధ్యాహ్నం పనయ్యాక మా గది దాకా వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మం దగ్గరే నిలబడి అడిగేది.

"ఆయన లైన్లో ఏమన్నా వచ్చిందా అన్నా?"

రాలేదమ్మా అని చెప్పేవాణ్ణి. టెర్మినల్ ముందు మనిషి లేకుండా ఏమీ రాదని చెప్పి చూశాను. విని, తలూపి, మర్నాడు మళ్లీ వచ్చేది. నాకు విసుగొచ్చేది, జాలీ వేసేది.

వర్షాలు వెళ్లాక కొత్త ప్రింటర్ వచ్చింది. దాని డ్రైవర్‌ని కూడా కలిపితే కెర్నల్ మెమరీలో పట్టట్లేదు. క్వారీకి ఈలోగా మంచి ఫోన్ లైను వేశారు కాబట్టి, ఆ పాత లైను తీసెయ్యమన్నారు మేనేజరు గారు. టెర్మినల్‌ని జీపులో వేసుకొచ్చి స్టోర్సులో గోనెపట్టా కప్పి పెట్టారు. ఆ విషయం జాన్‌బీకి ఎవరు చెప్పారో, ఆరోజు చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోకి వచ్చేసింది.

"తీసేస్తే, ఆయన ఏమన్నా చెప్దామన్నా దారుండదు గదన్నా" అంది.

పై నుంచి ఆర్డరమ్మా అన్నాను.

మర్నాడు పొద్దున క్వారీ డ్రైవర్‌ని తీసేసి, ప్రింటర్‌ది పెట్టి, కొత్త కెర్నల్ కట్టాను. క్వారీ కార్డు ఊడబీకి బల్ల మీద పెట్టి, ఆ చోట ప్రింటర్ కార్డు బిగించాను. యంత్రం లేచేటప్పుడు ఏయే పరికరాలు దొరికాయో వరసగా తెర మీద చూపిస్తుంది. ప్రింటర్ ఉంది. క్వారీ లైను లేదు. ప్రింటర్ మీద ఒక కాగితం కొట్టి చూశాను, బాగుంది. భోజనం చేసి వచ్చాను.

వచ్చి కూర్చున్న కాసేపటికి తెర మీద ఒక వరస పడింది. ఎవరైనా కబురు పంపితే, ఏ లైను నుంచి వచ్చిందో ముందు పడుతుంది. క్వారీ లైను పేరు పడింది.

పొరపాటున పాత కెర్నల్‌తో లేపానేమో అనుకున్నాను. పాతదాన్ని వేరే పేరుతో దాచి ఉంచడం మాకు మామూలే. యంత్రాన్ని ఆపి, కొత్త కెర్నల్ పేరు నేనే కొట్టి మళ్లీ లేపాను. దొరికిన పరికరాలన్నీ వేలు పెట్టి చదివాను. క్వారీ లైను లేదు. కార్డు నా మోచేతి పక్కన బల్ల మీద ఉంది.

మళ్లీ అదే పేరు పడింది. దాని కింద అక్షరాలు మొదలయ్యాయి. ఒక అక్షరం, ఆగడం. ఇంకో అక్షరం, ఆగడం. ఒక్క వేలితో వెతుక్కుంటూ కొట్టినట్టు. ఆ ఆగడాలు నాకు తెలుసు. ఏసీ గదిలో నా చొక్కా తడిసిపోయింది.

"నేను కిందే ఉన్నానండీ."

అప్పుడే ఫోను మోగింది. క్వారీ ఫోర్‌మన్ వెంకటేశ్వర్లు.

"అంతా పైకొచ్చేశారండి. సైరన్ ఏయించండి."

ఎక్కడ పేలుస్తున్నారని అడిగాను. ఎప్పుడూ అడగని మాట అది. పాత మూల పైనండి అన్నాడు. మస్తాన్ కనబడకుండా పోయిన రోజు పేలుడుకి రాయి విరిగిపడి పూడిపోతే వదిలేసిన మూల. ఇప్పుడు దాని మీద గట్టంతా కూల్చేస్తున్నారట. ఇక అక్కడ ఎప్పటికీ ఎవరూ తవ్వరు.

"ఆపండి. ఆ మూలలో ఒక మనిషున్నాడు" అన్నాను.

"అందరూ నా కళ్లముందే ఉన్నారండి. మీరు గదిలో కూర్చుని ఎట్టా చెప్తున్నారండీ?"

చూసేదాకా సైరన్ వెయ్యనన్నాను. ఉద్యోగం పోతుందని తెలుసు, నోట్లోంచి మాట మాత్రం వచ్చేసింది. ఆయన గొణుక్కుంటూ ఫోను పెట్టేశాడు.

తలతిప్పితే జాన్‌బీ గుమ్మంలో ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఆమెకి ఇంగ్లీషు అక్షరాలు రావు. తెర వంకా నా మొహం వంకా చూసింది. రోజూ అడిగే మాట అడగలేదు.

"ఏమంటన్నాడన్నా?" అంది.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. తెర మీద ఉన్నది చదివాను. ఆమె అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ గదిలో అంత భయం నాకు ముందెప్పుడూ వేయలేదు, తర్వాతా వేయలేదు. ఆ తెర ఇంకేమైనా అంటుందేమోనని చూస్తూ, అనకూడదని దేవుణ్ణి వేడుకుంటూ, ఫోను కోసం కూర్చున్నాను.

చాలాసేపటికి ఫోను మోగింది. వెంకటేశ్వర్లు గొంతు మారిపోయింది.

"రెండు బండలు కదిపామండీ. గొడుగు కనబడింది."

తెర మీద ఆ తర్వాత ఏమీ పడలేదు.

అతని పక్కనే రాళ్ల కింద సైకిలు కూడా దొరికింది. కబురు కొట్టాక మస్తాన్ మళ్లీ ఎందుకు దిగాడో ఎవరికీ తెలీదు. ఏదో మర్చిపోయాడో, ఎవరైనా పిలిచినట్టనిపించిందో. అందరి పేర్లూ పిలిచేది అతనే, అతని పేరు పిలిచేవాళ్లు లేరు. సైరన్ వేయించింది నేను.

చిల్లకల్లులో ఖననం అయ్యాక జాన్‌బీ నా దగ్గరకొచ్చి, "మీ నాన్న పారిపోలేదని పిల్లలకి చెప్పుకుంటానన్నా" అంది.

కార్డు పాడై ఉండొచ్చన్నాడు మా సర్వీసు ఇంజినీరు. కార్డు బల్ల మీద ఉందయ్యా అన్నాను. కెర్నల్‌ని పూర్తిగా విప్పి చూశాం. అందులో ఆ డ్రైవర్ ఆనవాలే లేదు. లేని లైను మీద, లేని టెర్మినల్ నుంచి, లేని మనిషి ఎలా కొట్టాడో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

తర్వాత క్వారీలో పద్ధతి మార్చారు. పిలుపు మొదలుపెట్టేవాడు ముందు తన పేరు తనే గట్టిగా పిలుచుకుని, పలికి, ఆ తర్వాతే మిగతావాళ్లని పిలవాలి, పేలుడు అయ్యేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. కొత్తగా చేరినవాళ్లు మొదట్లో దీనికి నవ్వేవారట. ఎందుకో చెప్పాక ఎవరూ నవ్వలేదట.