తవుడుకు కొన్న బిడ్డ

"చేటెడు తవుడుకు కొన్న బిడ్డకు నా కక్షిదారు భరణం ఇవ్వాలంట" అని మా ఆయన తరఫు లాయరు పావగడ కోర్టులో జడ్జిగారి ముందు నవ్వాడు. వెనక బెంచీల మీద కూర్చున్నవాళ్ళూ నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తవుడు మిల్లు నుంచి మోసుకొచ్చిన మనిషి ఆ లాయరు పక్కనే, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాడు మరి.

కర్ణాటకలో ఉన్నా తెలుగు మాట్లాడే మా వైపు ఇది వింత కాదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి ఇంకొకరికి తవుడుకు అమ్ముతారు. మృత్యువు వెతుక్కుంటూ వచ్చినా, ఈ బిడ్డ ఆ తల్లిది కాదులే అని దాటిపోవాలని. పేరుకే అమ్మకం. కొన్నాళ్ళకు కన్నతల్లి తిరిగి కొనుక్కుంటుంది.

నాగలమడికలో ఉండే మా చెల్లెలికి ఇద్దరు అలాగే పోయారు. మూడోసారి ఆడపిల్ల పుట్టగానే నన్ను పిలిపించారు. నాకు పిల్లలు లేరు. మా ఆయన తవుడు మూట దించాడు, నేను కొంగు పట్టాను, చెల్లెలు బిడ్డను నా ఒళ్ళో వేసి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఏడాది తిరిగాక, తిరిగి కొనుక్కో అని నేనే గుర్తు చేశాను. గుర్తు చేస్తుంటే నా ప్రాణం గిలగిలలాడింది.

"నీ దగ్గర బతికినాదక్కా. నేను ముట్టుకుంటే ఏమైపోతాదో. నీ బిడ్డే, పెట్టుకో" అంది.

అదే మా దత్తత. కాగితం లేదు, పురోహితుడు లేడు. అక్కాచెల్లెళ్ళ మధ్య కాగితం ఎందుకనుకున్నాం. అంత తెలివి మాది.

తర్వాత మా ఊరు వల్లూరులో చేలన్నీ సోలారు ప్యానెళ్ళ కిందికి పోయాయి. వేరుశనగ పండే మా చేను కూడా గుత్తకిచ్చేశాం. ఏటా గుత్త డబ్బు మా ఆయన ఖాతాలో పడేది. దున్నే పని లేదు, విత్తే పని లేదు, వాన కోసం మొహం ఎత్తి చూసే పని అసలే లేదు. ముందు మోటారు సైకిలు వచ్చింది, తర్వాత తెల్ల చొక్కాలు, ఆ తర్వాత హిందూపురంలో ఇంకో సంసారం. అక్కడ కొడుకు పుట్టాక నన్ను విడాకులు అడిగాడు.

ఇస్తానన్నాను. నాకూ పాపకూ మనోవర్తి కట్టు, చేలో పాపకు వాటా రాయి, పీడా పోతుంది అన్నాను.

"ఆ పాప యెవురిదో, నాకేం సంబంధం?" అన్నాడు. భుజాల మీద ఎక్కించుకుని జాతరలన్నీ తిప్పిన మనిషి ఆ మాట అన్నాడు. ఆ రోజు చేతికి ఏం దొరికినా వాడి నెత్తిన వేసేదాన్ని, పాప చూస్తోందని ఊరుకున్నాను.

నా లాయరు మాత్రం సూటిగా చెప్పాడు. "కన్నతల్లి వచ్చి, ఈ బిడ్డను నేనే కన్నాను, మా అక్కకూ బావకూ పూర్తిగా ఇచ్చేసినాను అని చెప్పల్లమ్మా. ఆ మాట తప్ప నీకు సాక్ష్యం లేదు." చెల్లెలి మొగుడు అప్పటికే కాలం చేశాడు. చేట పట్టుకున్న మా అమ్మా పోయింది. మిగిలింది చెల్లెలే.

కానీ పాప పుట్టినప్పటి నుంచి "నేను కన్నాను" అన్న మాట చెల్లెలి నోట ఎవరూ వినలేదు. అడిగితే "నాకు పిల్లలు దక్కలేదప్పా" అనేది. పాప చిన్నమ్మా అని మీద పడితే కూడా ఒళ్ళోకి తీసుకునేది కాదు. ఆ మాట బయటికొస్తే మృత్యువు వింటుందని భయం. నాగలమడికకు వెళ్ళి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"కోర్టులో ఎవురుంటార్మే, జడ్జి తప్ప?"

"వినేదానికి యాడైతే ఏమక్కా" అంది.

"దానికి తిండెట్ల? బడెట్ల? ఈ ప్యానెళ్ళు తుడిచి నేను తెచ్చేది ఏ మూలకొస్తాది?"

లేచి తన మేకలను దొడ్లోకి తోలి వచ్చింది. చివరికి "వస్తాలే" అంది.

వచ్చింది, బోనెక్కింది. పాప నా పక్కనే ఉంది. "ఈ పాపను కన్నది మీరేనా?" అని నా లాయరు అడిగాడు. చెల్లెలు పాప వైపు చూసింది. పాప చిన్నమ్మను చూసి నవ్వింది. చెల్లెలు చప్పున చూపు తిప్పేసుకుంది.

"నాకు పిల్లలు దక్కలేదు సామీ" అంది.

మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే మాట. ఇక చాలు, దిగమన్నారు జడ్జిగారు.

నాకు మాత్రం మనోవర్తి ఇచ్చారు, అదీ ఒక మనిషి అర్ధాకలితో బతికేంత. పాపకు పైసా లేదు, చేలో సెంటు లేదు. దత్తతకు రుజువు లేదన్నారు. కోర్టు బయట వేపచెట్టు కింద చెల్లెలి రెక్క పట్టుకుని అరిచాను.

"నా కొంప ముంచితివి కదే. దాని నోట్లో మన్ను కొడితివి కదే."

"బతికుంటే చాలు కదక్కా. మేకలమ్మి నేను పెడతా కూడు" అంది. పిరికిదానా అని తిట్టి, ఇక నా గడప తొక్కొద్దన్నాను. తొక్కలేదు.

వానలు మొదలయ్యాక పాపకు జ్వరం వచ్చింది. ఊళ్ళో సూది వేయించినా దిగలేదు. కళ్ళు తేలేసేసరికి ఆటోలో పావగడ ఆసుపత్రికి ఎత్తుకుపోయాను. ఎవరు చెప్పారో ఏమో, చెల్లెలు బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేనూ రమ్మనలేదు. పాపను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు, మేమిద్దరం బయట చెరో గోడకు నిలబడ్డాం.

కాసేపటికి నర్సు తలుపు తీసి, తల్లి ఎవరని కన్నడంలో గట్టిగా అడిగింది. "తాయి యారమ్మా?"

చెల్లెలు ఎప్పటిలాగే తల వంచుకుంది. చెప్పాల్సింది నేను. దాని తల్లిని నేనే అని చెప్పడానికే కదా అన్నాళ్ళు కోర్టు మెట్లెక్కి దిగాను, తోడబుట్టినదాన్ని దూరం చేసుకున్నాను. నోరు తెరిచాను. లోపలి నుంచి పాప మూలుగు వినబడింది. వినేదానికి యాడైతే ఏమని చెల్లెలు అన్న మాట గుర్తొచ్చింది.

"తాయి యారు?" నర్సు విసుక్కుంది.

"దానికి తల్లి లేదమ్మా" అన్నాను. "మేం తెలిసినోళ్ళం."