రెడ్డెమ్మక్క సంచిలో కుంకుమ పొట్లం

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర ఈ మాట గొంతుదాకా వచ్చి, కాఫీతోనో, టమాటా రేట్ల కబుర్లతోనో మళ్ళీ లోపలికి దిగిపోతుంది. ఇన్నేళ్ళూ అలాగే దిగమింగాను. అరగలేదు.

ఒక మనిషి పరువు నా చేతులారా తీశాను. ఆమె నాకు శత్రువు కాదు. నన్ను చెల్లెలిగా చూసుకున్న మనిషి.

మాది మదనపల్లె. పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీయించే వ్యాపారం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పట్టుకు మంచి ధర పలికిన ఏడాది, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వ్యాపారుల కుటుంబాలు కొన్ని కలిసి ఈజిప్టుకు బయలుదేరాయి. మా ఆయనకు అప్పటికే గుండె జబ్బు. తను రాలేనని, నన్ను పోయి రమ్మన్నాడు. నాకు తోడు పుంగనూరు రెడ్డెమ్మక్క. భర్త పోయాక దారం తీసే షెడ్డును ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. విమానంలో, హోటల్లో, బస్సులో ఇద్దరం పక్కపక్కనే. ఆమె తెచ్చిన ఊరగాయ లేకపోతే అక్కడి రొట్టెలు నాకు గొంతు దిగేవి కావు.

కైరో మ్యూజియంలో గుడ్డ చుట్టిన రాజుల శవాలను చూశాం. "మన గూట్లో పురుగు మాదిరే ఉండాడే" అని కుప్పం ఆయన ఒకరు అంటే అందరం పగలబడి నవ్వాం. అక్క నవ్వలేదు. పీనుగుల ముందు చెప్పులేమిటని విప్పి చేత్తో పట్టుకుంది. దానికీ నవ్వాం.

తర్వాత ఎడారిలో, కొండను తొలిచి చేసిన సమాధులు. మెట్లు దిగి పోతే గోడల నిండా రంగుల బొమ్మలు. ఒక చిన్న సమాధిలో అద్దం అడ్డులేని గోడ మీద ఒక స్త్రీ బొమ్మ ఉంది. ఇంతేసి కళ్ళు, రెండు చేతులూ పైకెత్తి, బోసి నుదురుతో. చూడగానే మా గంగమ్మ తల్లి గుర్తొచ్చింది. ఆ వెంటనే మా ఆయన గుండె గుర్తొచ్చింది. గడపకూ, రోలుకూ, కొత్త లారీకీ బొట్టు పెట్టే జనం మేము. అమ్మవారిలాంటి ముఖం బోసిగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. రవికలో దోపుకున్న బోయకొండ గుడి కుంకుమ పొట్లం తీశాను. ఉంగరపు వేలితో అద్ది ఆ నుదుట పెట్టాను. ఆయనను కాపాడు తల్లీ అనుకున్నాను.

అంతవరకూ తెలియక చేసింది. వేల ఏళ్ళనాటి రంగు మీద వేలు పెట్టకూడదన్న జ్ఞానం నాకు లేదు. తర్వాత చేసింది మాత్రం తెలిసే చేశాను.

కాపలావాడు వచ్చి చూసి కేకలేశాడు. ఇంకొందరు పరుగెత్తుకొచ్చారు. మా గైడు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అందరి సంచులూ వెతకాలన్నారట. పొట్లం నా గుప్పిట్లో ఉంది. నా ముందు రెడ్డెమ్మక్క. ఆమె భుజాన నోరు తెరుచుకున్న గుడ్డసంచి. అందులో వేశాను. చెయ్యి జారిందని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. జారలేదు. సంచి నోరు ఎక్కడుందో చూసి మరీ వేశాను.

పొట్లం దొరికింది. ఆమెను బయటికి తీసుకుపోయి ఎండలో ఒక రాతి మీద కూర్చోబెట్టారు. గైడు బతిమాలి, గడ్డం పట్టుకుని, ఎలాగో విడిపించాడు. అక్కడివాళ్ళ కోపం ఆ పూటతో తీరింది. మావాళ్ళకే తీరలేదు. బొమ్మ పాడైందన్న బాధ వాళ్ళకెవరికీ లేదు. మొగుడు పోయిన ఆడదాని సంచిలో కుంకుమ ఎందుకుంది? ఎవరి కోసం పెట్టుకుంటోంది? బస్సులో వెనక సీట్ల నుంచి గుసగుసలు. అక్క నా పక్కనే కూర్చుని అన్నీ వింది. కాసేపటికి మెల్లగా నా వైపు వంగింది.

"నీ ఏలికి ఎర్రగా ఉండాది. తుడుసుకోమ్మా."

"నేను కాదక్కా," అన్నాను.

"నేనేమన్నా అడిగినానా?"

అంతే. కిటికీ వైపు తిరిగింది. నేను కొంగుతో వేలు తుడుచుకున్నాను.

ఆమెకు తెలుసు. తెలిసీ ఎందుకు నోరు విప్పలేదు? మా ఆయన జబ్బు తలచుకుని జాలిపడిందా? లేక నేనే చెబుతానని, ఇవాళ కాకపోతే రేపు, ఊరు చేరేలోగా అయినా చెబుతానని ఎదురుచూసిందా? అదే అయ్యుంటుంది. దారి పొడుగునా ఆ మనిషి నా నోటి వైపు చూస్తూ ఉంది, నేను ఆవకాయ వడ్డించమంటూ చెయ్యి చాచాను.

ఆమె పెట్టె విప్పకముందే పుంగనూరులో మాట పాకింది. కుప్పంలో ఉద్యోగం చేసే ఆమె కొడుకు నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. "చిన్నమ్మా, నువ్వు పక్కనే ఉండావు గదా. అది ఎవురిది?" అన్నాడు. ఒక్క మాట చాలు. లోపలి గదిలో మా ఆయన దగ్గుతున్నాడు. "నేను సూడలేదప్పా," అన్నాను. ఆయన ఆరోగ్యం కోసం దాచానని అనుకోకండి. నలుగురిలో నా ముఖం ఏమవుతుందోనని దాచాను. అతడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు షెడ్డు మూయించి తల్లిని కుప్పం తీసుకుపోయాడు.

చెప్పేద్దామని ఒకసారి కుప్పం పోయాను. అక్క మొదట మా ఆయన ఎలా ఉన్నాడని అడిగింది. బాగున్నాడన్నాను, సంతోషించింది. తర్వాత టమాటా రేట్లు మాట్లాడుకున్నాం. లేచేటప్పుడు కోడలు నాకు బొట్టు పెట్టడానికి కుంకుమ భరిణె తెచ్చింది. మూత తీయగానే అక్క రెండు చేతులూ కొంగు కింద దాచుకుని గబగబా పెరట్లోకి వెళ్ళిపోయింది. సొంత కొడుకు ఇంట్లో. నేను బొట్టు పెట్టించుకుని బస్సెక్కాను.

ఆమె పోయింది. దినానికి వెళ్ళాను. పంక్తిలో పక్కనామె ఆ ఈజిప్టు కథే ఎత్తుకుంది. విస్తరి ముందు కూర్చుని విన్నాను. అన్నం కూడా తిన్నాను. ఎలా తినగలిగానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆమె కొడుకు కుప్పంలోనే ఉన్నాడు. పోయి చెబుతానని మీకు మాటివ్వను, నా మాట ఏపాటిదో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. కానీ ఇది మాత్రం రాసి పెడుతున్నాను. ఆ కుంకుమ నాది. రెడ్డెమ్మక్క సంచిలో వేసింది నేను. ఈ ముక్క బయటపెట్టాక ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.