పీరన్న ఎత్తు పెంచిన బండి

టూ-స్ట్రోక్ ఇంజను పొగకు ఒక తీపి వాసన ఉంటుంది. నూనె, పెట్రోలు కలిసి కాలిన ఆ వాసన ఇప్పుడు రోడ్ల మీద దాదాపుగా లేదు. మొన్న పెనుకొండలో బస్సు దిగి టీ తాగుతుంటే, ఎవరో రైతు పాత బండికి పాల క్యాన్లు కట్టుకొని నా పక్కనుంచే పోయాడు. గ్లాసు పట్టుకొని అలాగే నిలబడిపోయాను. ఆ అంగడి ముందే నలుగురు కుర్రవాళ్లు ఖరీదైన బండ్లు ఆపుకొని ఉన్నారు. కొండదారుల్లో తోలడానికి బెంగళూరు నుంచి వచ్చారట. "ఈ ఏరియాలో ఇట్లాంటి రైడింగ్ ఇంతకుముందు ఎవరూ చేసుండరు కదా అంకుల్?" అని ఒకడు మర్యాదగానే అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా హెల్మెట్లు పెట్టుకొని వెళ్లిపోయారు.

ఆ జవాబే ఇది. మేమంతా పీరన్న అని పిలిచే మెకానిక్ హుసేన్ పీరా అంగడి రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. దానికి ఎన్నడూ బోర్డు లేదు. పీరన్న పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆయన పని గురించి ఒక చిన్న చీటీ తప్ప ఎక్కడా ఒక్క అక్షరం రాసి లేదు. నేను పదో తరగతితో బడి మానినవాణ్ని. ఆ తర్వాత నేర్చుకున్నదంతా హిందూపురం గ్రంథాలయంలో బెంచీ మీద కూర్చొని నేర్చుకున్నదే. ఆ చదువు ఎందుకైనా పనికొచ్చేదైతే ముందు దీనికి పనికి రావాలి.

తొంభైల చివర్లో నేను పశువుల ఆసుపత్రిలో టీకాలు వేసే సహాయకుడిగా చేరాను. మా ప్రాంతంలో గొర్రెలకు చిటుకు రోగమని ఒకటుంది. వాన పడి కొత్త పచ్చిక మొలిచిందంటే, నిన్న గంతులేసిన గొర్రె ఇవాళ పొద్దునకు కాళ్లు చాపేసి ఉంటుంది. వానలకు ముందే టీకా వేయాలి. టీకా సీసాలు ఐస్ పెట్టెలో చల్లగా చేరాలి. నాకున్నది సైకిలు. రామగిరి గుట్టల వెనక మేసే మందల దగ్గరికి రోడ్డు లేదు. మొదటి ఏడాది నేను అక్కడికి చేరనే లేదు. అక్కమ్మ అనే పెద్దామె మందలో సగం పోయింది. ఆమె ఆసుపత్రి దాకా నడిచి వచ్చి, అందరి ముందు నన్ను నిలదీసింది. "ఏమప్పా, మందు రోడ్డు పక్కన మేసే గొర్రెలకేనా? మావి గొర్రెలు గావా?" వచ్చే వానలకు ముందు ఎలాగైనా ఆ గుట్టలెక్కే బండి సంపాదించాలని ఆ రోజే అనుకున్నాను.

నాకు ఏ సమస్యకైనా మొదట తట్టేది గ్రంథాలయం. పాత పత్రికల్లో ఎడారులూ అడవులూ దాటే మోటారు సైకిళ్ల బొమ్మలు దొరికాయి. రోడ్డు మీదా నడుస్తాయి, రాళ్లలోనూ నడుస్తాయి. ఎత్తయిన మడ్‌గార్డు, ముళ్ల టైర్లు, పైకి తిప్పిన సైలెన్సరు. చూసినవన్నీ నోటు పుస్తకంలో ఎక్కించుకొని, గుట్టలకు తిరిగే బండ్లు బాగుచేస్తాడని పేరున్న పీరన్న దగ్గరికి పెనుకొండ పోయాను. ఆయన ఆ రెండు పేజీలనూ నాతో బిగ్గరగా చదివించుకున్నాడు. ఉర్దూ తప్ప వేరే అక్షరం ఆయనకు రాదు.

"ఏమబ్బా, ఇది బండేనా, పెండ్లి సామాన్ల పట్టీనా?" అన్నాడు. "సరే, ఏ బండి తీసుకోవాలనుకుంటాండావు?"

హిందూపురంలో ఒక వ్యాపారి మూడువందల యాభై సీసీ బండి అమ్ముతున్నాడని, దాని బలానికి గుట్టలు లెక్కే కాదని చెప్పాను.

"గుట్ట ఎక్కేది బండి బలమే గాని, పడితే లేపేది నీ బలమబ్బా. పోదాం పద."

పీరన్నకు ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా బండికి మార్పులు చేయించుకోవడానికి వస్తే ముందు ఇసుకలోకి తీసుకుపోయేవాడు. బండిని పక్కకు పడుకోబెట్టించేవాడు. యజమాని ఒక్కడే దాన్ని లేపాలి. లేపలేకపోతే ఆ బండి మీద స్పానరు పెట్టేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒంటరిగా పోయి, బరువైన బండి కింద కాలు ఇరుక్కొని, గొర్రెల కాపరులు వచ్చేదాకా ఎండలో పడి ఉన్నాడట. పిక్క మీద సైలెన్సరు కాల్చిన మచ్చ చూపించేవాడు. "ఇదే నా సర్టిఫికెట్టు" అనేవాడు.

హిందూపురం దగ్గర పెన్న ఇసుకలో ఆ పెద్ద బండిని పడుకోబెట్టాం. వ్యాపారి గుండె పట్టుకున్నాడు. నేను హ్యాండిలు పట్టి లాగాను, నడుం పెట్టి తోశాను, చివరికి దాని పక్కనే ఇసుకలో కూర్చుండిపోయాను. "నీ బుక్కులో ఏం రాసినారు? దీన్ని లేపేకి ఎంతమంది రావాలంట?" అన్నాడు పీరన్న. నవ్వు ఆపుకోవడానికి ఆయన పెద్దగా ప్రయత్నించలేదు.

నెల తర్వాత ధర్మవరంలో రంగప్ప అనే మగ్గం నేసే ఆయన దగ్గర నూరు సీసీ టూ-స్ట్రోక్ బండి ఉందని తెలిసింది. ఆయన పట్టుచీరలు మోసుకు తిరిగిన బండి. చిత్రావతి ఇసుకలో దాన్ని పడుకోబెడుతుంటే రంగప్ప చేతులు అడ్డం పెట్టాడు. "కొనకముందే పడదోస్తాండారే! కొన్నాక ఏం జేస్తారప్పా దీన్ని?" మొదటి ఊపులోనే లేపాను. పీరన్న మళ్లీ పడేయమన్నాడు. అలా మూడుసార్లు. మూడోసారి నేను రొప్పుతూ లేపాక, "ఇప్పుడు కొను. అలిసిపోయినాక గూడా లేపితివి" అన్నాడు.

మార్పులకు మూడు వారాలు పట్టింది. నా నోటు పుస్తకంలో ఉన్న వాటిలో సగానికి పైగా ఆయన కొట్టేశాడు. వెనక షాక్ అబ్సార్బర్లను రెండు వేళ్ల మందం పొడుగు చేశాడు. నేను నాలుగు వేళ్లు అడిగితే, "నీ కాళ్లు నేలకు ఆనొద్దా? ఏనుగు మీద ఊరేగింపా?" అన్నాడు. రేగడి మట్టి ఇరుక్కోకుండా ముందు మడ్‌గార్డు పైకి జరిపాడు. ఇంజను కింద రాళ్లు తగలకుండా ఇనుప రేకు కట్టాడు. వెనక పళ్లచక్రం పెద్దది వేశాడు. వేగం తగ్గుతుంది, ఎక్కే శక్తి పెరుగుతుంది. ఐస్ పెట్టె కుదుపులకు ఎగరకుండా క్యారియరు మీద పాత ట్యూబు రబ్బరు పరిచాడు. శుక్రవారం నమాజు అయ్యాక తన బండి తీసుకొని, నన్ను వెంటబెట్టుకొని పెనుకొండ కోట వెనక దారుల్లో తిప్పేవాడు. రాళ్ల మీద నిలబడి తోలడం, ఇసుకలో హ్యాండిలు వదులుగా పట్టడం అక్కడే నేర్చుకున్నాను. ఏ పని మీద ఈ గుట్టలు తిరుగుతావన్నా అని ఒకసారి అడిగాను. "దారి యాడికి పోతాదో చూసేకి. అది గూడా పనేనబ్బా" అన్నాడు.

బండి ఇచ్చేటప్పుడు, వారం తిరిగాక చైను చూపించమన్నాడు. గ్రంథాలయంలో మోటారు సైకిళ్ల మరమ్మతు గురించి ఒక తెలుగు పుస్తకం ఉంది. చైను ఎంత వదులుండాలో అందులో స్పష్టంగా ఉంది. దీనికి పెనుకొండ దాకా ఎందుకని, బండిని స్టాండు మీద నిలబెట్టి, స్కేలు పెట్టి కొలిచి, నేనే బిగించాను. పుస్తకం చెప్పిన కొలతకు నూలు పోగంత తేడా లేదు. ఆ సాయంత్రం నాకెంత గర్వంగా ఉందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

వానలకు ఇంకా కొద్ది రోజులుందనగా టీకాలు తీసుకొని బయలుదేరాను. గుట్ట సగం ఎక్కాక, పెద్ద రాయి మీద నుంచి దిగగానే చైను తెగింది. బండిని అక్కడే వదిలి, ఐస్ పెట్టె నెత్తిన పెట్టుకొని నడిచాను. మే నెల ఎండ. మంద దగ్గరికి చేరి మూత తీస్తే ఐస్ అంతా కరిగిపోయి, సీసాలు చేతికి వెచ్చగా తగిలాయి. అక్కమ్మ, ఆమె కోడలు గొర్రెలన్నిటినీ దొడ్లో కూడేసి ఉన్నారు. వేసేసి పోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిందని దాచను. కానీ మందు పాడైపోయిందనే చెప్పాను.

"మందు సచ్చిపోయిందా?" అంది అక్కమ్మ. "మా గొర్రెలకంటే ముందే సచ్చిందా? పోయినేడు మందు రాలే. ఈ ఏడు పీనుగై వచ్చింది."

మరునాడు పెనుకొండ పోయాను. చైను నాసిరకమని చెప్పాలని దారంతా అనుకుంటూనే ఉన్నాను. పీరన్న మొహం చూశాక ఆ అబద్ధం ఆడలేకపోయాను. నేనే బిగించానని చెప్పాను. ఆయన అంగడి మూసి, కొత్త చైను జేబులో వేసుకొని నాతో గుట్టకు వచ్చాడు. స్టాండు మీదే నా పుస్తకం కొలతకు చైను తొడిగి, తర్వాత స్టాండు తీసి, నీళ్లు నింపిన పెట్టె వెనక పెట్టి నన్ను బండెక్కించాడు. అప్పుడు చైను కింద వేలు పెట్టి చూడమన్నాడు. పుస్తకం కొలతకు పెట్టిన చైను వీణ తీగలా బిగుసుకొని ఉంది. షాకులు పొడుగైనందువల్ల స్టాండు మీద వెనక చక్రం మామూలుకంటే కిందికి వేలాడుతోంది. బరువు ఎక్కగానే పైకి వచ్చి చైనును లాగుతోంది.

"బుక్కు అబద్ధం చెప్పలేదబ్బా" అన్నాడు. "ఆ రాసినాయన బండి ఎత్తు పెంచలేదు గదా. నువ్వు బండిని మార్చినావు, పేజీ మార్చుకోలేదు."

ఆసుపత్రిలో డాక్టరు గారి కాళ్లావేళ్లా పడితే నాలుగు రోజులకు మళ్లీ టీకాలు వచ్చాయి. అప్పటికి ఒక వాన పడింది. ఈసారి పీరన్న తన బండి మీద నా వెనకే వచ్చాడు. రెండుచోట్ల పడ్డాను, రెండుసార్లూ నేనే లేపుకున్నాను. ఆయన బండి దిగలేదు. మంద దగ్గర పెట్టె మూత తీస్తే ఐస్ గడ్డలు గలగలమన్నాయి. నేను అక్కమ్మకు ఏదో చెప్పబోయేలోగా పీరన్న ముందుకు వచ్చాడు.

"అవ్వా, మొన్న మందు చెడింది నా వల్ల. బండి జేసింది నేను."

అక్కమ్మ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మంచి పని జేసినావులే. రా, వచ్చి గొర్రెల్ను పట్టుకో" అంది. ఆ పూటంతా ఆయన గొర్రెలు పట్టాడు, నేను సూది వేశాను.

దిగేటప్పుడు అడిగాను. "తప్పు నాది కదన్నా, నీ మీద ఎందుకేసుకుంటివి?"

"ఎత్తింది నేను. ఎత్తినాక చైను ఎట్ల చూడాల్నో చెప్పకుండా పంపింది నేను. నువ్వు బిగిస్తివి, అంతే."

ఆ వానల్లో అక్కమ్మ మందలో రెండు పిల్లలు పోయాయి, మిగిలినవన్నీ నిలిచాయి. మొదటి ప్రయాణంలోనే టీకా పడి ఉంటే ఆ రెండూ బతికేవేమో నాకు తెలియదు. తర్వాతి ఏళ్లలో నా కింద చాలామంది సహాయకులు పనిచేశారు. వాళ్ల చేతుల్లో ఏదైనా చెడిపోయినప్పుడు, నేను వాళ్లకు ఏం చెప్పకుండా పంపానో ముందు వెతుక్కుంటాను. తరచుగా ఏదో ఒకటి దొరుకుతుంది.

బండి పడేస్తున్నా బేరం రద్దు చేయని ధర్మవరం రంగప్పకు, రెండోసారి టీకాలు తెప్పించిన డాక్టరు సుధాకర్ గారికి, నన్ను మళ్లీ గుట్ట ఎక్కనిచ్చిన అక్కమ్మకు, ఆమె కోడలు లక్ష్మీదేవికి నా కృతజ్ఞతలు. గ్రంథాలయంలో నాగరాజు సారుకు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పుస్తకంలో గీతలు గీయకూడదు కాబట్టి నేను ఒక చీటీ రాసి ఆ మరమ్మతు పుస్తకంలో పెట్టాను. సారు దాన్ని చూసి పారేయకుండా, సరిగ్గా ఆ పేజీకే జిగురుతో అంటించారు. "ఈ కొలత ఎత్తు మార్చని బండికి మాత్రమే. ఎత్తు పెంచితే మనిషినీ బరువునూ ఎక్కించి చూడాలి. చెప్పినవారు: హుసేన్ పీరా, మెకానిక్, పెనుకొండ."

ఆ సంగతి చెబుదామని పీరన్న దగ్గరికి పోయి, నోటు పుస్తకంలో రాసుకున్న నకలు చదివి వినిపించాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ విన్నాడు.

"పెనుకొండ అని గూడా ఏసినావా?"

"వేసినా అన్నా."

"మంచిదే. ఎవనికన్నా చైను తెగితే, నన్ను తన్నేకి యాడికి రావాల్నో తెలుస్తాది." స్పానరు తీసుకొని పనిలోకి వంగాడు. కాసేపటికి తల ఎత్తకుండానే, "ఇంగొకసారి చదువబ్బా" అన్నాడు.