అంచు కట్టని బుట్ట

మా అప్ప, అంటే మా అక్క, తాటాకు బుట్టలు అల్లేది. నరసన్నపేట దగ్గర మా ఊళ్లో ఆ పని చాలామంది ఆడవాళ్లకి వచ్చు. కానీ వాళ్ల బుట్టలు పప్పుకీ, పసుపుకొమ్ములకీ. అప్పవి వేరు. లేత మొవ్వు తెప్పించి, ఈనెలు తీసి, మంచులో ఆరబెట్టి, సన్నటి పాయలుగా చీల్చేది. కొన్ని పాయలకి ఎర్రరంగు కాచి పట్టించేది. అల్లుతూ అల్లుతూ పాయని మడతపెట్టి కావాలనే సందులు వదిలేది. దీపం పక్కన పెడితే ఆ సందుల్లోంచి గోడ మీద చేపపొలుసుల్లా వెలుగు పడేది.

"ఏటే ఇది? పప్పు పోస్తే కారిపోదా?" అనేది అమ్మ.

"పప్పుకి కాదమ్మా, సూడ్డానికి."

"సూత్తే కడుపు నిండుతాదేటే?"

"నీకు నిండదు గానీ నాకు నిండుతాది," అని నవ్వేది అప్ప.

నేను బడికి వెళ్లలేదు. నేల మీద తాటాకు ముక్కలు పేర్చి అప్పే నాకు అక్షరాలు నేర్పింది. తరవాత ఆమె అల్లుతుంటే పక్కన కూర్చుని బైబిలు చదివేదాన్ని. తప్పు చదివితే చెయ్యి ఆపకుండానే "మల్లీ సదువు" అనేది. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ చలవే.

పంతొమ్మిదివందల అరవైల చివర్లో ఒక వానాకాలం అప్పకి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోశాం, ప్రార్థనలు చేశాం, శ్రీకాకుళం ఆసుపత్రికి బండి కట్టాం. దేవుడు తీసుకున్నాడు.

అప్పటికి ఆమె చేతిలో ఉన్న బుట్ట అంతా అయింది, అంచు తప్ప. అంచు సగందాకా కట్టి ఆపేసింది. మిగతా సగం పాయలు గాలికి లేచి ఉండేవి. నాకు అంచు కట్టడం వచ్చు. అమ్మ ముట్టనివ్వలేదు. "ఆగిన కాడే ఆగనీ," అంది.

వరికోతలయ్యాక మా పాస్టరుగారి గుళ్లో కోతల పండుగ. ఎవరింట పండింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. ప్రార్థనయ్యాక అదంతా ఆవరణలో వేలం వేస్తారు. గుమ్మడికాయలూ కోళ్లూ పాటకి పోతాయి, తెచ్చిన తట్టలూ బుట్టలూ ఎవరివి వాళ్లు పట్టుకుపోతారు. ఆ ధైర్యంతోనే అమ్మ ఆ బుట్ట తీసింది.

"దాని సేతి పని ఒక్కసారి దేవుడి ముందు పెట్టి తెచ్చేసుకుందాం."

సందుల్లోంచి ధాన్యం కారిపోతుందని గుప్పెడు చిక్కుడుకాయలు వేసింది.

అదే కొంప ముంచింది. గుప్పెడు చిక్కుడుకాయలు ఎవరైనా కానుక పెడతారా? కానుక బుట్టే అనుకున్నారు సంఘపెద్దగారు. పైకెత్తి, "సూడండి, ఏం పనితనం! పాడండి, పాడండి!" అన్నారు.

విజయనగరం నుంచి పాస్టరుగారింటికి చుట్టపుచూపుగా వచ్చిన దంపతులున్నారు. ఆయన పాడాడు. ఇంకెవరూ పోటీ రాలేదు.

అమ్మ లేచి నిలబడింది. పొరపాటయిందని ఒక్క మాట అంటే చాలు, ఇచ్చేసేవారు. అంతలో ఆయన భార్య బుట్టని ఎండలోకి ఎత్తింది.

"ఏమండీ, నేల మీద ఆ వెలుగు చూడండి! ఇందులో నేనేమీ వెయ్యను. ఊరికే చూసుకుంటాను."

అమ్మ నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఉండిపోయింది. అప్ప అన్నదీ అదే కదా.

"ఈ అంచొకటి కట్టించేసి అద్దాల బీరువాలో పెడదాం," అన్నాడాయన.

"కట్టించకండి బాబూ," అంది అమ్మ.

ఆయన నవ్వాడు. "శ్రమేముందమ్మా? మా వీధిలోనే బుట్టలల్లే మేదరాయన ఉన్నాడు." చిక్కుడుకాయలు అమ్మ కొంగులో పోసి, బుట్ట పట్టుకుని వెళ్లిపోయారు.

అప్ప పనిని అలా చూసే కళ్లు ఒక్కసారైనా దొరికినందుకు నేను ఇప్పటికీ దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను. చెప్పుకుంటూనే ఏడుస్తాను. ఆ వెలుగు ఇంకెవరింటి గోడ మీదో పడుతోంది. మా గోడ మీద పడదు.

ఇద్దరం ఇంటికొచ్చాం. అమ్మ కొంగు అలాగే పట్టుకుని గుమ్మంలో కూలబడింది.

"కట్టించెత్తారేటే?" అని నన్నడిగింది.

నేను ఆ కొంగులోని చిక్కుడుకాయలు చేటలోకి తీసుకున్నాను.

తరవాత అమ్మ బతికినన్నాళ్లూ, బియ్యం ఏరుతున్నా, పొయ్యి ఊదుతున్నా, ఉన్నట్టుండి చెయ్యాపేది.

"ఈపాటికి కట్టించేసుంటారే," అనేది.