అక్క రాసిన గ్రాకిలే

అక్క పోయిన పదిహేనో రోజున, ఆమె పాఠాలు చెప్పిన కరీంనగర్ కాలేజీలో సంతాప సభ పెట్టారు. ఒకప్పుడు ఆమె ఎవరి దగ్గర పరిశోధన చేసిందో ఆ సారు కూడా వచ్చాడు. వచ్చారు అని రాయాలి. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, గౌరవ బహువచనం ఎక్కడ వాడాలో నాకు తెలుసు. ఆయనకు వాడను.

ఆయన మైకు అందుకుని, "మంచి పిల్ల. ఓపిక గల్లది. లాటిన్ల ఓనమాలు గుడ నేనే దిద్దిపిచ్చిన," అన్నాడు.

నేను ముందు వరుసలోనే ఉన్నాను. అది అబద్ధమని ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. 

జరిగింది ఇది. చదువుకునే రోజుల్లో అక్క, ఇచ్చోడ దాటాక వచ్చే గుట్టల్లో, అంతకుముందు ఎవరూ పుస్తకాలకెక్కించని ఒక చిన్న మొక్కను చూసింది. అప్పుడు నేను ఇచ్చోడలో టీచర్‌ని. అక్క మా ఇంట్లోనే దిగేది. ఆ కాలంలో కొత్త మొక్కను ప్రకటించాలంటే దాని వర్ణన లాటిన్‌లో ఉండాలని నియమం. సారుకు లాటిన్ రాదు. అక్క ఎక్కడో పాత పుస్తకాల్లో లాటిన్ మొదటి వాచకం సంపాదించి, ఒక ఎండాకాలమంతా మా వంటింట్లో కూర్చుని నేర్చుకుంది. నేను పప్పుకు పోపు పెడుతుంటే వెనకాల విభక్తులు వల్లించేది. చివరికి ఏడు వాక్యాలు రాసి సారు చేతికిచ్చింది. పత్రికలో అవి ఆయన ఒక్కడి పేరుతో వచ్చాయి. కింద కృతజ్ఞతల్లో, మొక్కను సేకరించడంలో సాయపడిన ఒక విద్యార్థినికి, అని ఉంది.

అక్క ఆ పేజీ చూసి "పోనియ్" అంది. నేను పోనియ్యలేదు. అలాగని చేసిందీ ఏమీ లేదు.

రిటైరయ్యాక నేను అక్క ఇంట్లోనే ఉంటున్నాను. సంతాప సభ నుంచి వచ్చి ఆమె అల్మారా వెతికాను. ఆమె రాసుకున్న కాగితాలు లేవు, అవి ఆనాడే సారు దగ్గరికి పోయాయి. వాచకం మాత్రం ఉంది. ఆయనకు ఆ భాష రాదని నలుగురిలో చూపించాలంటే ముందు అది నాకు రావాలి. మరునాడు పొద్దున మొదటి పాఠం తెరిచాను. అరవై దాటిన మనిషిని. దుఃఖంలో ఉన్న మనిషికి కాలక్షేపం దొరికిందని చుట్టాలు సంతోషించారు.

మొదట్లో కష్టమనిపించలేదు. పుయెల్లా అంటే పిల్ల, పుయెల్లామ్ అంటే పిల్లను. డు ము వు లు అని పిల్లలతో పాడించినదాన్ని, అదీ అలాగే పాడుకున్నాను. క్రియ వాక్యం చివరికి రావడం కూడా మన పద్ధతే. ప్రతి పాఠం వెనక రోమన్ల ఇళ్ల గురించి, తిండి గురించి, చావుల గురించి రెండు పేజీలు ఉండేవి. పెద్ద పదవులు చేసిన మగవాళ్ల ముఖాలు మైనంతో పోతపోసి ఇంట్లో దాచేవారట, ఇంట్లో ఎవరైనా పోతే ఆ ముఖాలు తగిలించుకుని శవం వెంట నడిచేవారట. ఆడపిల్లకు చాలాకాలం సొంత పేరే ఉండేది కాదు. తండ్రి వంశం పేరుకు ఆడ ప్రత్యయం తగిలించి పిలిచేవారు. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరిదీ అదే పేరు, ఒకతె పెద్దది, ఒకతె చిన్నది. ఆ పేజీ అంచున అక్క పెన్సిల్‌తో "నేను, చెల్లె" అని రాసుకుంది. ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు.

లింగాల దగ్గర ఇరుక్కున్నాను. లాటిన్‌లో చెట్టు ఆడది, పొలం మగది, యుద్ధం రెండూ కాదు. అక్కతో పాటు అదే కాలేజీలో ఉర్దూ చెప్పిన స్నేహితురాలు ఎదురింట్లోనే ఉంటుంది. నేను ఆపా అని పిలుస్తాను. ఆమెను అడిగాను.

"మీ తెల్గోళ్లతోని గిదే పరేషాన్," అంది ఆపా. "కుర్సీ ఆడది, పలంగ్ మొగోడు. ఎందుకని అడుగద్దు. నేను మా అమ్మీని అడిగితే తన్నింది."

"మరెట్ల గుర్తువెట్టుకోవాలె ఆపా?"

"నువ్వు గుర్తువెట్టుకుంటె రాదు. పక్కన ఏ లఫ్జ్, ఏ మాట ఒస్తుందో జూడు. మీ అక్కకు ఉర్దూ నేర్పంగ గుడ గట్లనే జెప్పిన. ఇన్లే. రోటీ పక్ గయీ అనాలె, ఆమె మొగోని లెక్క పక్ గయా అనేది. నవ్వలేక సచ్చిన."

ఎనిమిది నెలలయ్యాక, సారు అచ్చువేయించుకున్న ఆ ఏడు వాక్యాలను ముందు పెట్టుకుని చదవగలిగాను. వేరు, కాండం, ఆకు, పువ్వు. ఒక్క మాట కూడా ఎక్కువ లేదు. అక్క మాట్లాడినట్టే ఉంది. కానీ మొదటి వాక్యంలోనే ఒక తప్పు కనబడింది. హెర్బా గ్రాకిలే అని ఉంది. సన్నని మొక్క అని అర్థం. హెర్బా స్త్రీలింగం, దాని పక్కన గ్రాకిలిస్ రావాలి. గ్రాకిలే అనేది ప్రాణం లేని నపుంసకానికి వాడే రూపం.

ఆ తప్పు ఎట్లా పడిందో నాకు అర్థమైంది. మన భాషలో అన్న వచ్చిండు, అక్క వచ్చింది, బస్సు వచ్చింది. మన వ్యాకరణంలో మగవాళ్లు మహత్తులు. ఆడది ఒక్కతే ఉన్నప్పుడు పశువులతో, వస్తువులతో కలిసి అమహత్తు. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను, ఒక్కనాడూ నొప్పి అనిపించలేదు. లాటిన్‌లో ఈ రకం విశేషణాలకు మగది, ఆడది ఒక జట్టు, వస్తువు వేరు. అక్క చెయ్యి అలవాటుకొద్దీ ఆడదాన్ని తీసుకుపోయి వస్తువు పక్కన పెట్టింది.

రెండు రోజులు సిగ్గుపడ్డాను. ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు, ఇదే నాకు కావలసిందని తెలిసింది. ఆయన మంచిని వదులుకోడు. తప్పునైతే వదిలించుకుంటాడు.

సారుకు సన్మానం పెట్టారు. కరీంనగర్‌లో ఫంక్షన్ హాలు, వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ, దాని మీద ఆయన ఫొటో పక్కన ఆ లాటిన్ పేజీ. ముఖ్య అతిథిగా హైదరాబాద్ నుంచి లాటిన్ తెలిసిన ఒక వృక్షశాస్త్రం ప్రొఫెసరమ్మ వచ్చింది. శిష్యులను ఒక్కొక్కరిని మాట్లాడమన్నారు. పోయిన శిష్యురాలి చెల్లెలినని నాకూ మైకు ఇచ్చారు. ఆపా మూడో వరుసలో కూర్చుంది.

"సారూ, నాకు చిన్న సందేహం," అన్నాను. "మీ వెనకాల ఫ్లెక్సీ మీద హెర్బా అని ఉన్నది. అది స్త్రీలింగం. పక్కన గ్రాకిలే అని ఎందుకు రాసిండ్రు?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాడు. ప్రొఫెసరమ్మ కూడా చూసి, "అవును, గ్రాకిలిస్ ఉండాలి," అంది.

హాల్లో ఎవరో నవ్వారు. ఆయన మెడ ఎర్రబడింది.

"గది నేను రాసింది గాదమ్మా," అన్నాడు. "మీ అక్కనే రాసిచ్చింది. నేను నమ్మి అట్లనే పంపిన."

"ఏది సారు, గీ ఒక్క మాటనా?"

"ఒక్క మాట ఎట్లుంటది? మొత్తం ఆమెనే రాసింది."

ఆ తర్వాత ఆయనకు తాను ఏమన్నాడో వినబడింది. అది నేను ఆయన ముఖంలో చూశాను. అంత ఇష్టంగా నేను ఇంతవరకు దేన్నీ చూడలేదు. మూడో వరుసలోంచి ఆపా గట్టిగా, "అందరు ఇన్నరా? ఎన్క కూసున్నోళ్లకు ఇనొచ్చిందా?" అంది.

భోజనాల దగ్గర ఆయన ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "అందరి ముంగట ఇజ్జత్ తీసినవ్ గదమ్మా. ఇంటికొచ్చి అడిగితే అయిపోతుండె గదా."

"తప్పు మీది గాదని తేలింది గద సారు," అన్నాను. "పెరుగన్నం బాగున్నది, తినుండ్రి."

ప్రొఫెసరమ్మ ఊరికే పోలేదు. మూడు నెలలకు పత్రికలో ఒక నోటు వేయించింది. ఫలానా మొక్కకు లాటిన్ వర్ణన రాసింది ఫలానా ఆమె అని అందులో అక్క పేరు పూర్తిగా ఉంది. అచ్చుకు ముందు నాకు ఫోన్ చేసి, "ఆ తప్పు సంగతి తీసేద్దామా? ఆమె పేరు వస్తున్నది కదా," అని అడిగింది. వద్దన్నాను. ఆ తప్పు లేకపోతే ఆయన నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు.

అక్క ఉంటే ఈ పనికి నాతో మాట్లాడేది కాదు. పరీక్ష పేపర్లో ఒక కామా జారినా రాత్రి తిండి మానేసే మనిషి. ఆమె పేరు మొదటిసారి ఆ మొక్క పక్కన వచ్చింది, ఒక తప్పుతో కలిసి వచ్చింది. అట్లా వేయించింది నేను. అది తెలిసే చేశాను, మళ్లీ అయినా చేస్తాను.

సారు ఆరోగ్యం బాగుందని, రోజూ పొద్దున నడకకు పోతున్నాడని ఆపా చెప్పింది. నిండు నూరేళ్లు బతకాలని మనసారా కోరుకుంటున్నాను. ఇకమీదట ఆ మొక్క గురించి ఎవరు రాసినా ఆ నోటును కూడా ఉదహరించాలి. అవన్నీ ఆయన చదవాలి.