లచ్చవ్వ నేర్పిన మంట

మా చిన్నప్పుడు... తెల్లవారకముందే వాకిట్లో కంది కట్టె చిటపటలు వినిపించేవి. ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది. దుప్పటి మెడకు చుట్టుకొని ఉరికేదాన్ని...

మాది నర్సంపేట పక్కన చిన్న ఊరు. మా చేన్లో కూలికి వచ్చే లచ్చవ్వ, పనికి పోయేముందు మా వాకిట్లో చలిమంట వేసేది. మా వాడలో ఒక పద్ధతి ఉండేది. మంట దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరూ ఒక కట్టె తేవాలి. ఉత్త చేతులతో వస్తే లచ్చవ్వ ఊరుకునేది కాదు.

"ఏందే, సలి నీది... కట్టె మందిదా?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. వెనక్కి పోయి కట్టె తెచ్చుకోవాల్సిందే.

నాకు మంట వేయడం నేర్పింది ఆమే. కింద పిడక ముక్కలు... వాటి మీద గుప్పెడు ఎండు గడ్డి... చుట్టూ కంది కట్టెలు నిలబెట్టి, కొసలు ఒకదానికొకటి ఆనించాలి. గాలి వచ్చే వైపు చెయ్యి పట్టేంత సందు వదలాలి. "సందు ఇడువకుంటె దానికి ఊపిరాడది బిడ్డా. జర ఓపిక పట్టు, ఊకె ఊదకు" అనేది. చిన్న కట్టెలు నిప్పులయ్యాకే పెద్ద మొద్దు పెట్టాలి.

(మీరెవరైనా వేస్తే పక్కన బకెట్ నీళ్ళు పెట్టుకోండి. కొంగులు, చున్నీలు జాగ్రత్త. నాకు రాస్తుంటేనే భయంగా ఉంది.)

నాకు పదేళ్ళుంటాయేమో. ఒకరోజు లచ్చవ్వ రాకముందే నేనే వేసి చూపించాలనుకున్నాను. మంచుకు కట్టెలన్నీ తడిసిపోయాయి. ఎంత ఊదినా పొగే... పక్కింటి సరోజ ముక్కు మూసుకొని, "నీ మంట దోమలకు మంచిగున్నదే!" అంది.

నాకు రోషం వచ్చింది. పశువుల కొట్టంలోకి పోయి ఎండు గడ్డి, పిడకలు తెచ్చాను. మూలన ఉన్న తుమ్మ మొద్దు కూడా ఈడ్చుకొచ్చాను. కొత్త నాగలి చేయించడానికి మా బాపు రెండేళ్ళుగా నీడలో ఎండబెట్టిన మొద్దు అది. నాకు తెలియదని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను... తెలుసు. దాని మీద చినుకు పడకుండా బాపు గోనెసంచి కప్పేవాడు. ఆ సంచి తీసింది ఈ చేతులే.

ఎంత బాగా మండిందో! లచ్చవ్వ తన కట్టె పట్టుకొని వచ్చేసరికి మంట నా ఎత్తు లేచింది. "నా బిడ్డె పెట్టింది, సూడుండ్రి!" అని వాడకంతా వినబడేలా మురిసిపోయింది.

పొద్దెక్కాక అందరూ పనులకు లేచిపోయారు. లచ్చవ్వ నిప్పులు ఆర్పుతోంది. నేను పక్కనే ఉన్నాను. తెల్లవారకముందే వడ్రంగి కోసం పోయిన బాపు, అప్పుడే అతన్ని వెంటబెట్టుకొని వచ్చి కొట్టంలోకి పోయాడు. ఖాళీ గోనెసంచి పట్టుకొని బయటికి వచ్చాడు. బూడిదలో సగం బొగ్గయిన మొద్దు కనిపించింది.

"మంట ఎవలు పెట్టిన్రు?" నన్నే అడిగాడు.

"లచ్చవ్వ" అన్నాను.

ఆమె నావైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది... తల వంచుకొని, "మబ్బుల ఆనలే పటేలా... తప్పయింది" అంది. చీకట్లో కనబడలేదని... తాను తీయని మొద్దు గురించి.

"రెండేండ్ల సంది కండ్లల్ల పెట్టుకొని కాపాడిన! రేపటిసంది పనికి రాకు, పో!" అన్నాడు బాపు.

మిరప ఏరే రోజులవి. అందరూ చేలకు పోతుంటే లచ్చవ్వ తన గడపలో కూర్చొని ఉండేది. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకున్నాను. బాపు కొడతాడేమో, బడి మాన్పిస్తాడేమో అని భయం. బడి ఐదో తరగతితో ఎలాగూ మాన్పించారు. నేను మాత్రం చెప్పనే లేదు. ఎండాకాలం రాకముందే ఆమె కాజీపేటకు, రైల్వే వాళ్ళ ఇళ్ళల్లో పనికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా వాకిట్లో మంట లేదు.

పెళ్ళయ్యాక ఒకసారి కాజీపేట స్టేషన్‌లో ఒకామె లచ్చవ్వలాగే కనిపించింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని రైలెక్కేశాను.

మొన్న హసన్‌పర్తిలో మా బిడ్డ ఇంటికి పోయాను. సాయంత్రం మనవరాలు, దాని స్నేహితులు వెనక ఖాళీ జాగాలో క్యాంప్ ఫైర్ అని కట్టెలు కుప్ప పోశారు. పెట్రోల్ సీసా తెచ్చారు! "సీసా అవుతల పెట్టుండ్రి! మీదికొస్తది!" అని అరిచి, నేనే కింద కూర్చొని కట్టెలు పేర్చాను. సందు వదిలాను. ఒక్కటే అగ్గిపుల్ల...

అందరూ చప్పట్లు కొట్టారు. మనవరాలు వీడియో తీస్తూ ఫోన్ నా మొహం దగ్గర పెట్టి, "ఎవలు నేర్పిన్రు అమ్మమ్మా?" అని అడిగింది.

"ఎవలు నేర్పుతరే... అదే వచ్చింది" అన్నాను.

నోరు ఎలా వచ్చిందో! పదేళ్ళప్పుడంటే భయపడి అన్నాను. ఇప్పుడు కొట్టేవాళ్ళెవరున్నారు? ఆ వీడియో కింద "అమ్మమ్మ సూపర్" అని ఎంతోమంది రాశారట. మనవరాలు చదివి వినిపిస్తుంటే నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. అందుకే తప్పో ఒప్పో నా చేత్తో నేనే ఇది రాస్తున్నాను. మంట వేయడం నాకు నేర్పింది లచ్చవ్వ. ఆ మొద్దు కాల్చింది నేను. ఆమె ఉందో లేదో తెలియదు. ఆమె పిల్లలెవరైనా చదివితే ఏమనుకుంటారో అని భయం... చదవకపోతే ఎలా అని ఇంకో భయం.

ఇప్పుడు చలేస్తే ఎవరి గదిలో వాళ్ళు హీటర్ పెట్టుకుంటున్నారు. కట్టె తెచ్చేవాళ్ళు లేరు, ఏదీ నీ కట్టె అని అడిగేవాళ్ళూ లేరు...

మీకు చిన్నప్పుడు ఏదైనా పని చేయి పట్టి నేర్పినవాళ్ళుంటే, కింద వాళ్ళ పేరు పెట్టి రాయండి. నాలాగా అదే వచ్చిందని మాత్రం అనకండి.